కుంటలో కడిగిన జీపు

మా జీపు నాకంటే పెద్దది, వయసులోనూ మొండితనంలోనూ. మా బాపు బెంజమిన్ దాన్ని సర్కారు వేలంలో పాడుకున్నప్పుడు నేనింకా పుట్టలేదు. ఫ్లోరైడు నీళ్లు ఆయన మోకాళ్లనూ మెడనూ బిగదీసేదాకా ఆయనే నడిపాడు. తర్వాత స్టీరింగు నా చేతికొచ్చింది. ఆడపిల్ల జీపు నడుపుడేందని మర్రిగూడలో మూతి విరిచినవాళ్లందరూ ఏదో ఒక రోజు అందులో ఎక్కి కూర్చున్నవాళ్లే.

మా వాడకట్టు ఆడవాళ్లు గుట్ట అవతల పత్తి ఏరడానికి పోయేది ఈ జీపులోనే. గుట్ట మీద దారి అంతా రాళ్లు. ఆటో ఎక్కదు. ట్రాక్టరైతే చుట్టూ తిరిగి పోవాలి. ఆ ట్రాక్టరు విజేందర్‌ది. అతని ట్రాలీ ఎక్కితే అతను దింపిన చేనులోనే దిగాలి, అతను చెప్పిన కూలికే ఏరాలి, అతనికి బుద్ధి పుట్టినప్పుడే ఇంటికి రావాలి. జీపు ఉంటే రైతుతో మేమే మాట్లాడుకుంటాం, పొద్దు గూకకముందే ఇల్లు చేరుతాం. అందుకే మా పాత ఇనుమంటే విజేందర్‌కు అంత కడుపుమంట.

ఈ ఏడు దసరాకు మా ఊరి కుంట నిండింది. తెలంగాణ వచ్చాక పూడిక తీశారు గానీ, అలుగు దాకా నీళ్లు రావడం నా ఎరుకలో ఇదే మొదలు. పండక్కి బండ్లను ఎక్కడైనా బకెట్లతో కడుక్కుంటారు. మేం నీళ్లకు మొహం వాచినవాళ్లం కదా, బండ్లనే నీళ్లలోకి తోలాం. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు అన్నీ కుంటలోనే. నేను అప్పుడే నకిరేకల్ నుంచి వచ్చాను, జీపు ఇంకా సెగలు కక్కుతోంది.

"దించు బిడ్డా. గిర్రలు మునిగేదాక దించు" అన్నాడు బాపు పక్క సీట్లోంచి.

జీవితమంతా ఎండిన కుంట పక్కనుంచే డ్రమ్ముల్లో నీళ్లు మోసిన మనిషి. ఎలా కాదంటాను? దించాను. బాపు చెయ్యి బయటికి చాపి నీళ్లను పశువు వీపు నిమిరినట్టు నిమిరాడు. నాకు ఏడుపొచ్చింది.

పండగ పోయిన కొన్నాళ్లకు జీపు మూలగడం మొదలుపెట్టింది. వేగం పెంచితే వెనక నుంచి "ఊఁ" అని ఒకటే రాగం. ఎక్సిలేటరు మీంచి కాలు తీస్తే ఆ రాగం మారేది. తెల్లారితే పత్తి ఏరుడు మొదలనగా, చిన్న ఎత్తు దగ్గర కరకరమంటూ ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, విజేందర్ సరిగ్గా అప్పుడే వచ్చాడు.

"గేర్‌బాక్స్ పోయింది మెర్సీ. ఇగ దీన్ని పాత సామాన్లోనికి ఏసుకోవాల్సిందే. నేనే కొంట తియ్. రేపటి సంది మీ ఆడోళ్లను నా ట్రాలీల పంపు."

"నువ్వు కింద వంగి చూసినవా?"

"చూసుడెందుకు, చప్పుడు ఇనబడ్తలేదా?"

మా దగ్గర ఒక కట్టుబాటుంది. మొదటి ఏరుడుకు చేనులో ఎవరు దిగితే ఆఖరి కాయ దాకా ఆ చేను వాళ్లదే. గుట్ట అవతల రైతు యాదయ్యకు పొద్దున్నే వస్తామని మాటిచ్చాం. ఒక్క పొద్దు తప్పితే పంట కాలమంతా విజేందర్ ట్రాలీలోనే. ఆ మాట తలచుకుంటేనే నాకు ఒళ్లు మండింది.

జీపును ఇంటిదాకా తోయించి కిందికి దూరాను. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు బలం మోసే పొడుగు కడ్డీ ఉంటుంది, షాఫ్టు. ముందు దాన్ని పట్టుకుని ఊపాను. దాని కీళ్లు గట్టిగానే ఉన్నాయి. తర్వాత ఆ షాఫ్టునే విప్పి పక్కన పడేసి ఇంజను స్టార్ట్ చేశాను. గేరు తర్వాత గేరు వేసి చూశాను. చిన్న మూలుగు కూడా లేదు. గేర్‌బాక్స్ నిక్షేపంలా ఉంది. విజేందర్ నోట్లో మన్ను.

అంటే రోగం వెనక ఇరుసులో ఉందన్నమాట. ఇరుసు మధ్యలోని గుండ్రటి డిప్ప కింద బిరడా విప్పాను. నల్లగా కారాల్సిన గేరు ఆయిల్ పాలు పోసినట్టు తెల్లగా, చిక్కగా కారింది.

మా ఇంటి పక్క బిక్షమ్మత్త వంగి చూసింది. "ఇదేంది పిల్లా, చాయ్ లెక్కుంది?"

చాయే. ఇరుసు మీద గాలి ఆడడానికి చిన్న గొట్టముంటుంది. వేడెక్కిన ఇరుసును చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని ఆ గొట్టంలోంచి నీళ్లను గుంజుకుంటుంది. కుంట నీళ్లు ఆయిల్‌లో కలిసి లోపలి బేరింగును తినేశాయి. లోపల పళ్ల చక్రం వదులైంది. మూలుగంతా దానిదే.

మంచం మీంచి బాపు అన్నీ వింటున్నాడు. "నేనే దించుమంటి. నా మోకాళ్ల బొక్కలను నీళ్లే తినె, దీని బొక్కలనూ నీళ్లే తినె."

"గవి చెడ్డ నీళ్లు బాపు, ఇవి మంచి నీళ్లు. పోవద్దన్న జాగాకు పోయినయ్, గంతే. వచ్చే ఏడు నిండితే మళ్ల దించుత. గా గొట్టాన్ని సీటు దాక గుంజి కడ్త."

ఉత్తుత్తి ఓదార్పు కాదది. నిండిన కుంటలోకి దిగినందుకు నేనెవరికీ క్షమాపణ చెప్పను.

నకిరేకల్ మేస్త్రీ ఐలేశానికి ఫోన్ చేస్తే బేరింగు దొరకడానికి వారం పడుతుందన్నాడు. వారం నాకెక్కడిది? డిప్పను డీజిల్‌తో కడిగి కొత్త ఆయిల్ పోశాను. వెనక ఇరుసు మీద భారం పడకుండా విప్పిన షాఫ్టును మాత్రం మళ్లీ బిగించలేదు. ఇది నాలుగు చక్రాలూ లాగే జీపు. వెనకవి లాగకపోతే ముందువి లాగుతాయి.

పొద్దున్నే ఆడవాళ్లందరూ సద్దులు కట్టుకుని జీపెక్కారు. గుట్ట కింద విజేందర్ ట్రాలీ పెట్టుకుని కాచుకుని ఉన్నాడు. నేను జీపును గుట్ట దారి పట్టించాను. సగం దూరం కూడా పోలేదు, ముందు చక్రాలు రాళ్ల మీద ఉత్తగా తిరగసాగాయి. ఎత్తెక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారుతుంది, ముందు తేలిపోతుంది. జీపు కిందికి జారింది.

"అయింది గదా ముచ్చట. దిగుండ్రి, ట్రాలీ ఎక్కుండ్రి" అన్నాడు విజేందర్.

జీపు వెనక కూర్చున్న సోమమ్మ ఒక కాలు కింద పెట్టింది. బరువు వెనక్కే పోతానంటే, లాగే చక్రాలనే వెనకుంచితే సరిపోదా అని అప్పుడు తట్టింది.

జీపును గుట్ట అడుగు దాకా దింపి తిప్పాను, దాని వీపు గుట్ట వైపు, మొహం ఊరి వైపు.

"వెనకకు ఎక్కిస్తవా?" అంది బిక్షమ్మత్త.

"ఎక్కిస్త. ముందట బరువు గావాలె. నలుగురు మడ్‌గార్డ్‌ల మీద కూసోండ్రి. మిగిలినోళ్లు రాళ్లు పట్టుకుని పక్కపొంటి నడువుండ్రి, జారితే గిర్రకు అడ్డం పెట్టాలె. ఈ ఎత్తుల హ్యాండ్‌బ్రేకును నమ్మలేం."

గుట్ట కిందే మా ఇల్లు. వాకిట్లోంచి బాపు కేకేశాడు. "బరువు గావాల్నంటే నేను లేనా? ఇన్నేండ్లు ఇంటికి బరువైతి అని ఏడిస్తి. ఇయ్యాల పనికొస్త, ఎక్కించుండ్రి."

నలుగురు మోసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. నేను మెడ వెనక్కి తిప్పి, బలమెక్కువిచ్చే లో గేరు లివరు లాగి, రివర్సులో వదిలాను. సోమమ్మ వెనక నుంచి కుడికి, ఎడమకు అని చెబుతోంది. చక్రాలు రాళ్లను కరిచిపట్టాయి. ఒక చోట జారింది, బిక్షమ్మత్త రాయి పడేసింది, మళ్లీ పట్టింది. మెడ గుంజుతోంది, చెమట కళ్లలో పడుతోంది. అయినా కాలు తీయలేదు.

బాపు మెడ తిరగదు. ఇన్నేళ్లూ గుట్ట ఎక్కిన ప్రతిసారీ ఆయనకు ఎదురుగా ఉన్న రాళ్లే తప్ప వెనకున్న ఊరు కనిపించేది కాదు. ఇవాళ మెడ తిప్పే పని లేకుండానే ఊరంతా ఆయన ముందుంది.

"ఏం కనబడుతాంది బాపు?" అన్నాను వెనక్కి చూస్తూనే.

"కుంట. నిండుగ మెరుస్తాంది బిడ్డా." వేలు కిందికి చూపాడు. "విజేందర్ గూడ కనబడుతాండు. గింతగైండు."

మడ్‌గార్డ్‌ల మీది ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నేను ఇంకొంచెం రేజ్ చేశాను.