ఊడ్చిన పిండి

ముద్ద విరగలేదు.

ప్రవీణ మళ్ళీ లాగి చూసింది. రాగి ముద్దను రెండు చేతులా పట్టుకుని లాగితే మధ్యలో పగుళ్ళిచ్చి విడిపోవాలి. ఇది సాగుతోంది. పదకొండేళ్ళుగా రెండు పూటలా రొట్టెల పిండి పిసికిన వేళ్ళకు ఆ సాగుడు దేనిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. గోధుమ.

స్టవ్ ఆపేసింది. ఇన్నాళ్ళూ ఈ డబ్బాలోని పిండితో జావ కాచుకుని తాగిందే తప్ప రొట్టె చేయలేదు. జావలో ఏం కలిసినా తెలియదు. ఇవాళ మొదటిసారి ముద్ద కలిపింది కాబట్టి దొరికింది.

ఇవాళ శుక్రవారం. సోమవారం జగదల్‌పూర్‌లో రక్తపరీక్ష.

రెండు నెలల కిందట అక్కడి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా చెప్పింది. గోధుమలో గ్లూటెన్ అనే జిగురుంటుందట, అది ప్రవీణ పేగుల్ని లోపల్నుంచి కొరికేస్తోందట. ఎన్ని మాత్రలు మింగినా రక్తం ఏడు దాటకపోవడానికి కారణం అదేనట. ఒక్క పిసరు కూడా తినకూడదు, జీవితాంతం. ఆ మాట విని ప్రవీణకు ఏడుపొచ్చింది, హాయిగా. ఏళ్ళ తరబడి కడుపునొప్పికి, దువ్వెనకు కుచ్చులుగా వచ్చే జుట్టుకు, నాలుగు మెట్లెక్కితే తిరిగే తలకు ఒక పేరుంది. అది దొంగనొప్పి కాదు. "పని చెప్పంగనే కడుపు పట్టుకుంటది" అని అత్తగారు రామసుబ్బమ్మ చుట్టాల ముందు నవ్వుతూ అన్నప్పుడల్లా, నిజంగానే తను నటిస్తోందేమోనని ప్రవీణ తనను తాను అనుమానించుకుంది. ఆ అనుమానం ఆ ఆసుపత్రి గదిలోనే వదిలేసి వచ్చాననుకుంది. కోంటాకు తిరిగొచ్చే బస్సు సుకుమా దాటకముందే భర్త కిరణ్‌కుమార్ తేల్చేశాడు. "రెండు నెలలు చూస్త. రక్తం పెరగలేదనుకో, ఈ నఖ్రాలు బంద్. అందరు తిన్నదే నువ్వూ తినాలె."

రెండు నెలలు ఆమె గోధుమ రొట్టె ముట్టుకోలేదు. బిస్కెట్ ముట్టుకోలేదు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని డాక్టరమ్మ చెబితే పప్పులో అది కూడా మానేసింది. అయినా పోయిన వారం మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. "గోధుమ మానేసినా తగ్గకపాయె. అంటే తప్పు గోధుమది కాదన్నట్టే గద" అంది రామసుబ్బమ్మ. సోమవారం రిపోర్టు కూడా అదే చెబుతుంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని కిరణ్ గెలుస్తాడు. తర్వాత జీవితాంతం, రోజూ రెండు పూటలా, తనను కొరికేసేదాన్ని తనే వండుకుని తింటుంది.

ఎవరు కలిపారు?

పెరట్లో మిరపకాయలు తిరగేస్తున్న అత్తగారి ముందుకెళ్ళి పిండి ముద్ద చూపించింది. "అత్తమ్మా, రాగి డబ్బాల గోధుమ పిండి మీరు కలిపిండ్రా?"

రామసుబ్బమ్మ చెయ్యి ఆగింది. "నాకేం పని? ఇంటి డబ్బా గిర్నీ కాడికెళ్ళి ఎట్ల వస్తే అట్లనే పెట్టిన. నన్ను దొంగను చేస్తున్నవా ఏంది?"

కళ్ళలో అబద్ధం లేదు. కోపమే ఉంది. కానీ ప్రవీణ చెవిలో ఒక్క మాట ఆగిపోయింది. ఇంటి డబ్బా. ఆ డబ్బా మూత మీద ఎర్ర రంగుతో హిందీలో 'ఘర్' అని రాసి ఉంటుంది. అది ఎక్కడ నిండుతుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కోడలికి పిండి పట్టే గిర్నీలో పనేముంది?

తమ కిరాణా కొట్టు వైపు వెనక మెట్లు దిగింది. సంత రోజు కావడంతో కొట్టు కిక్కిరిసి ఉంది. కొట్టు వెనక రేకుల షెడ్డులో గిర్నీ హోరెత్తుతోంది. పేర్చిన బస్తాల చాటున నిలబడింది. గిర్నీ నడిపే దేవా ఎవరివో గోధుమలు పట్టాడు. అవయ్యాక అదే రాయిలో రాగులు పోశాడు. రాగి పిండి సంచిలో కట్టి గిరాకీ చేతికిచ్చి, మోటారు ఆపాడు. పొద్దుటి నుంచి గిర్నీ మూతి చుట్టూ రాలిన పిండినంతా పొట్టి చీపురుతో ఒక్క చోటికి ఊడ్చాడు. తెలుపు, గోధుమరంగు, నలుపు కలిసిపోయాయి. చాటతో ఎత్తి, అలాంటి ఎర్ర అక్షరాలే ఉన్న ఇంకో డబ్బాలో పోశాడు.

"దేవా, అదేంది?"

నెరిసిన మీసాల మీద పిండి తుడుచుకుంటూ దేవా అదిరిపడ్డాడు. "ఇంటి పిండమ్మా. ఎప్పటిదే."

"సగం గోధుమే ఉంది దాంట్ల."

"తెల్లగుంటే గోధుమ డబ్బాల, నల్లగుంటే రాగి డబ్బాల పొయ్యమన్నడు కిరణ్ సేఠ్. రంగు చూసి పోస్తున్న."

ప్రవీణ డబ్బాలోకి వంగి చూసింది. కిరాణా కొట్టు ఇల్లు. ఆమె పదకొండేళ్ళలో ఒక్క సరుకూ కొనలేదు, కొనాల్సిన అవసరం రాలేదని గొప్పగా కూడా అనుకుంది. బస్తా అడుగున మిగిలిన పప్పు, పురుగు పట్టిన రవ్వ, తేదీ దాటిన సేమ్యా, గిర్నీ కింద ఊడ్చిన పిండి ఇంటికొచ్చేవి. ఇంటికి అంటే ఇంట్లో అందరికీ కాదు. మామగారు కాశయ్యకు షుగరని రెండు పూటలా విడిగా సీలు విప్పని ప్యాకెట్ పిండి. కిరణ్‌కూ అదే. 'ఘర్' అంటే ఇద్దరే. రామసుబ్బమ్మ, తను.

షెడ్డు దాటి నేరుగా కొట్లోకి నడిచింది. గల్లా దగ్గర కిరణ్ తలెత్తాడు.

"ఏందే, ఇటొచ్చినవ్?"

"నా డబ్బాల ఊడ్చిన పిండి పోయిస్తున్నరు. గోధుమ కలుస్తుంది. రెండు నెలల సంది అదే తాగుతున్న."

"మెల్లగ. గిరాకీ ఉంది." గొంతు తగ్గించాడు. "ఇంటికి ఎప్పుడైనా అదే పోతది. అమ్మ నలభై ఏండ్లు తిన్నది, సచ్చిందా? పిడికెడు గోధుమకు ఏమైతది?"

"ఏమైతదో డాక్టర్ చెప్పింది. మీరు పక్కనే ఉన్నరు."

"సోమవారం రిపోర్టు రానీ. అప్పుడు చూద్దాం ఎవరు నిజమో."

ఉప్పు కోసం నిలబడ్డ ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. ప్రవీణ గొంతు తగ్గించలేదు. అది ఆమెకే ఆశ్చర్యంగా అనిపించింది. "సోమవారం నేను పోను. ఇవ్వాళ్టి సంది మూడు నెలలు సరిగ్గ తిని, అప్పుడు పోత. ఒక్కదాన్నే పోత."

గోడకు వేలాడుతున్న గుడ్డసంచి అందుకుని, కోడలెప్పుడూ దిగని ముందు మెట్లు దిగింది. వెనక నుంచి కిరణ్ గొంతు. "కొట్టు పెట్టుకుని సంతల కొంటవా? ఇజ్జత్ పోతది, ఆగు." ఆమె ఆగలేదు.

సంతలో ధాన్యం వరుస చివర, దోర్లా గిరిజన ఆడవాళ్ళ మధ్య ముయె కూర్చుని ఉంది. ఏటా కొట్టుకు ఇప్పపువ్వు తెచ్చి అమ్మే మనిషి. ప్రవీణను చూసి నోట్లో ఆకు ఒక బుగ్గకు తోసి నవ్వింది. "ఏంది సేఠానీ, మీ కొట్టు ఎత్తేసిండ్రా?"

"నాకు గోధుమ తగలని గింజ కావాలె ముయెక్కా. గిర్నీ మొఖం చూడనిది."

ముయె నవ్వు ఆపింది. బుట్టలోంచి సామలు దోసిట్లోకి తీసి చూపించింది. "కుట్కి. మా గుట్ట మీద పండింది. ఇంట్ల రోట్లో నేనే దంచిన. పిండి పట్టేది లేదు, బియ్యం లెక్క వండుకో." కొలిచాక పైన ఇంకో దోసెడు పోసింది. "మొఖం చూస్తే నెత్తురు లేదు నీకు. ముందు నువ్వు తిను, తర్వాత వాళ్ళకు పెట్టు."

ప్రవీణ కొంగు ముడి విప్పి నోటు ఆమె చేతిలో పెట్టి, సంచి గుండెకు ఆనించుకుని ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం అయింది. గోధుమ పిండి తగిలిన చేతుల్ని సబ్బుతో రెండుసార్లు కడిగి, గోళ్ళు కత్తిరించుకుంది. గిన్నె తోమింది. సామలు ఉడికాయి. పచ్చి పులుసు, వంకాయ. కాశయ్య చేతులు కడుక్కుని వచ్చి, కుర్చీలో కూర్చుని అలవాటుగా వంటింటి వైపు చూశాడు. వెనకే కిరణ్, కొట్టు దేవాకు అప్పగించి వచ్చినట్టున్నాడు, ముఖం కందగడ్డలా ఉంది. రామసుబ్బమ్మ వంటగట్టు దగ్గర మగవాళ్ళ ప్యాకెట్ పిండి డబ్బా మూత తీసింది.

ప్రవీణ ఒక కంచంలో అన్నం వడ్డించి, తెచ్చి, బల్ల దగ్గర మామగారి ఎదుటి కుర్చీ లాక్కుని తనే కూర్చుంది.

"నాయనకు రొట్టె ఏది?" అన్నాడు కిరణ్.

"గోధుమ పిండి గాల్లోకి లేస్తే నా కంచంల పడుతది. గరిటెకు అంటుతది, చేతికి అంటుతది." ముద్ద కలుపుతూ, తల ఎత్తి మామగారి వైపే చూసి చెప్పింది. "అందుకని మామయ్యా, ఇగ నుంచి ఈ ఇంట్ల ముందు నేను తింట. ఆ తర్వాతనే రొట్టెల పిండి తీసేది."

కాశయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు చూశాడు.

రామసుబ్బమ్మ తీసిన మూత మళ్ళీ పెట్టింది.