మారణాయుధం నేసిన వస్త్రం

కేసు కొట్టేశారన్న కబురు ఫోన్లో వినగానే లలితమ్మ పొయ్యి మీది పప్పును దాని మానాన వదిలేసి, చక్కెర డబ్బా చంకలో పెట్టుకుని సూరత్‌లోని బమ్రోలి గల్లీలో పడింది. మిఠాయి కొట్టు దాకా వెళ్లే ఓపిక ఆమెకు లేదు. ఒరియా కుర్రాళ్ల గది, మరాఠీవాళ్ల ఇల్లు అని చూడకుండా ఎదురైన ప్రతి మనిషి నోట్లో చెంచాడు చక్కెర పోసింది. పద్మశాలి సమాజం పెద్ద సదానందానికి షుగరుంది. వద్దనడానికి ఆయన నోరు తెరిచాడు, అదే ఆయన చేసిన పొరపాటు.

"మా ఆయన అల్లర్లు చెయ్యలేదని జడ్జి చెప్పిండన్నా!"

"గది మాకు ఎన్నడో ఎర్కనే గద చెల్లే" అన్నాడు సదానందం, మూతి తుడుచుకుంటూ.

"నాకు ఎర్క లేదా? అల్లరి చేసే మొగడైతే నా సంసారం ఇంకెంత హుషారుగుండు!"

గల్లీ అంతా నవ్వింది. ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి పప్పు మాడి కూర్చుంది. లింగమూర్తి గోడకు ఆనుకుని, "నిజంగనే కొట్టేసిండ్రా? మల్ల పిలువరు గద?" అని కూతురు సింధూజను అడుగుతున్నాడు. అడగడం ఎన్నోసారో, ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఖతం అయింది బాపూ. అబ్ కోయీ నహీ బులాయేగా" అంది సింధూజ.

లింగమూర్తి తల ఊపాడు. నమ్మలేదు. కోర్టు అతణ్ణి వదిలింది గానీ భయం వదల్లేదని లలితమ్మకు ఆ తల ఊపు చూడగానే అర్థమైంది. చేతిలో ఖాళీ చక్కెర డబ్బాతో ఆమె అలాగే గడపలో నిలబడింది.

లింగమూర్తి ఎటువంటి మనిషంటే, దోమను కూడా కొట్టడు, తోలుతాడు. అతనికున్న చెడ్డలవాటు ఒక్కటే. ఎవరి ఒంటి మీది బట్టనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడకుండా ఉండలేడు. బస్సులో ముందు సీటువాడి కాలరు, ఎవరి పెళ్లిలోనో వియ్యంకుడి కండువా, ఏదీ వదలడు. పెళ్లిచూపులనాడు లలితమ్మ ముఖం చూశాడో లేదో ఇప్పటికీ అనుమానమే. చీర కొంగు మాత్రం పట్టి చూసి, "పేక గట్టిగున్నది" అన్నాడు. అది తనను మెచ్చుకోవడమే అనుకుని ఆమె ఒప్పుకుంది. నేతగాడి నోట అంతకు మించిన మెచ్చుకోలు రాదని తర్వాత తెలిసింది.

సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. అప్పటినుంచీ సాంచల మీదే పని. పవర్‌లూమ్‌ను వీళ్లు సాంచ అంటారు. బమ్రోలిలో సాంచల మోత రాత్రీ పగలూ ఆగదు. అక్కడ పసిపిల్లలు కూడా ఆ మోతలోనే నిద్రపోతారు, పెద్దవాళ్లు ప్రేమ మాటలు కూడా అరిచి చెప్పుకుంటారు. అలాంటిది లాక్‌డౌన్ వచ్చి ఒక్క పూటలో ఊరి నోరు మూతబడింది. అందరికీ తిండి దిగులు. లింగమూర్తికి తిండి దిగులుతో పాటు నిశ్శబ్దం దిగులు కూడా పట్టుకుంది. కన్ను మూతపడేది కాదు. చివరికి లలితమ్మ అతని తల దగ్గర కూర్చుని, రొట్టెల పీట మీద కర్రతో టక టక కొడుతూ ఉంటే, ఆ చప్పుడుకు కాస్త కునుకు తీసేవాడు. సింధూజ చెవుల్లో దూది పెట్టుకునేది.

పగళ్లు గడవడానికి అతను తండ్రి చేతి నాడెను పెట్టెలోంచి తీసి నూనె రాస్తూ కూర్చునేవాడు. చేమగ్గం మీద పడుగు అనే నిలువు పోగుల మధ్య పేక నూలును ఈ పక్కనుంచి ఆ పక్కకు మోసుకుపోయేది నాడె. జానెడు పైన పొడవు, నున్నటి చెక్క, రెండు చివర్లా ఇనుప మొనలు. ఏటా శ్రావణ పున్నమికి పద్మశాలీల కులదైవం మార్కండేయుని రథం సాగుతుంటే, వెనక బండి మీద చేమగ్గం పెట్టి, నడుస్తున్న బండి మీదే దేవుడికి కొత్త వస్త్రం నేస్తారు. రథం గుడికి తిరిగొచ్చేలోగా నేత పూర్తి కావాలి. ఆ పని లింగమూర్తిది, అంతకు ముందు అతని తండ్రిది. నేసేది ఆ నాడెతోనే.

ఒకనాడు పక్కనున్న పాండేసరా వైపు నుంచి హోరుమని మోత లేచింది. నాడె చేతిలో ఉన్న లింగమూర్తి ముఖం పున్నమి చంద్రుడైంది.

"ఏయ్, సాంచలు షురువైనయే!"

పిండి చేతులతో లలితమ్మ బయటికొచ్చేసరికి అతను లుంగీ ఎగగట్టి గల్లీ దాటేశాడు. ఆ మోత సాంచలది కాదు. మమ్మల్ని మా ఊళ్లకు పంపండని రోడ్డు మీదికొచ్చిన వందలమంది కూలీల గొంతులది. రాళ్లు లేచాయి, లాఠీలు లేచాయి. పరుగెత్తగలిగినవాళ్లు పరుగెత్తారు. ఏ షెడ్డు తెరిచారా అని నడిరోడ్డు మీద నిలబడి వెతుకుతున్నవాడు ఒక్కడే పోలీసులకు దొరికాడు. అతని చేతిలో రెండువైపులా మొనలున్న వస్తువుంది. దాన్ని మారణాయుధం అని రాసుకున్నారు.

జైల్లో కొన్నాళ్లుంచారు. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని బయట టీవీలు మొత్తుకుంటుంటే, లోపల ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ పడుకున్నారు. ఎవరు దగ్గినా మిగతావాళ్లు గోడవైపు తిరిగేవారు. బెయిలు వచ్చి ఇంటికి చేరాక లింగమూర్తి ఇంతకు మించి చెప్పలేదు. కోర్టులేమో మూతబడి, తెరుచుకుని, మళ్లీ మూతబడి, వాయిదాలతో ఏళ్లు గడిపాయి. ఈలోగా అతను ఖాకీ చూస్తే వణికేవాడు. బస్సు కండక్టరును చూసి దిగిపోయేవాడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు దండం పెట్టి పక్క సందులోకి తప్పుకునేవాడు. నవ్వొచ్చే సంగతే, నవ్వేవాళ్లు నవ్వారు కూడా. లలితమ్మ మాత్రం నవ్వలేదు. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది ఇంకొకటి. అతను ఎవరి బట్టనూ ముట్టుకుని చూడటం మానేశాడు.

ఆమె దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచేయక సింధూజ మాట విని ప్రభుత్వాసుపత్రిలో మనసు డాక్టరమ్మకు చూపించింది. ఆ గుజరాతీ డాక్టరమ్మ మందులిచ్చి, భయమున్న చోటికి కొంచెం కొంచెంగా, నచ్చిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లమంది.

"నచ్చిన మనిషంటే ఎవలు మల్ల?" అని బయటికొచ్చాక లలితమ్మ అడిగింది.

"సింధూజకు కాలేజీ ఉంటది గద. ఇగ నువ్వే రావాలె" అన్నాడు లింగమూర్తి. అంత దిగులులోనూ అతను ఆ మాట అన్నందుకు ఆమె దారంతా తిడుతూనే సంతోషపడింది.

మందులు పనిచేశాయి. నిద్ర కొంత దారికొచ్చింది, సాంచల మీదికి మళ్లీ పనికెళ్లాడు. సాంచలు ఆగిన సెలవునాడు మాత్రం పీటా కర్రా తప్పలేదు.

ఇప్పుడు కేసు పోయింది. పున్నమి దగ్గరికొచ్చింది. సదానందం వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"బావా, ఈ యేడు దేవుని బట్ట నువ్వే నెయ్యాలె. పోయినేడు రాజమల్లు నేసింది సూసినవా? జల్లెడ నయం. దేవునికి సలి వెట్టింది."

"నాడె లేదు బావా. ఠాణాల ఉన్నది" అన్నాడు లింగమూర్తి నేల చూస్తూ.

"ఇచ్చెయ్యమని జడ్జి రాసిండు గద. వొయ్యి తెచ్చుకో."

"సొంతదారే వచ్చి సంతకం వెట్టాల్నట. వేరే నాడెతోని ఎవలన్న నెయ్యిండ్రి."

లలితమ్మ టీ గ్లాసులు తెస్తూ ఆ మాట విన్నది. నాడెలు సూరత్‌లో దొరక్కపోవు. కానీ ఈ మనిషి ఆ ఠాణా గడప తొక్కి, తన వస్తువు తాను అడిగి తెచ్చుకోకపోతే, అతను ఎప్పటికీ ఆ సందులోనే దాక్కుని ఉంటాడు. ఆమె గ్లాసును కాస్త గట్టిగానే కింద పెట్టింది.

"రేపే పోతం అన్నా. నచ్చిన మనిషిని నేనున్న గద."

మర్నాడు ఠాణా ఎదుటి టీ బండి దాకా వెళ్లారు. టీ తాగారు, తిరిగొచ్చారు. ఆ తర్వాతి రోజు గేటు దాకా వెళ్లారు. గేటు దగ్గర లింగమూర్తి చెప్పు తెగిందన్నాడు. చూస్తే తెగలేదు. లలితమ్మ ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. ఆమె ఏమీ అనకపోవడం పెళ్లైన ఇన్నేళ్లలో అదే మొదలు.

మూడోసారి వెళ్లినప్పుడు సూరత్ వాన కురిసింది. అదేమీ చినుకులతో మొదలుపెట్టదు, కుండలతోనే. టీ బండి మీది టార్పాలిన్ ఎగిరిపోయింది, దాంతో టీ బండివాడే మొదట ఠాణా వరండాలోకి పరుగెత్తాడు. అతని వెనక ఆటోవాళ్లు, వాళ్ల వెనక లలితమ్మ, ఆమె కొంగు పట్టుకుని లింగమూర్తి. తల తుడుచుకుని చూసుకునేసరికి ఇద్దరూ ఠాణా లోపలున్నారు. ఆసుపత్రి చేయలేనిదీ దేవుడు చేయలేనిదీ వాన చేసింది.

"క్యా కాకా, ఏం పని?" అన్నాడు బల్ల వెనకనుంచి జమాదారు. గోహిల్ ఆయన పేరు. కళ్లజోడు, బొజ్జ, చేతిలో వేడి వేడి భజియాల పొట్లం. లింగమూర్తి లలితమ్మ వెనక్కి జరిగాడు. లలితమ్మ కోర్టు కాగితం అందించి, తనకున్న హిందీ అంతా ఖర్చుపెట్టి సంగతి చెప్పింది. జమాదారు కాగితం చదివి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఓహో! ఆ హథియార్ నీదా?"

లోపలి గదిలోకి వెళ్లి, లక్కముద్ర వేసిన గుడ్డసంచీ పట్టుకొచ్చి విప్పాడు. "నేను బదిలీ మీద వచ్చినప్పటినుంచీ అందరినీ అడుగుతున్నా, ఈ ఆయుధమేంటని. చేపలు పట్టేదని ఒకడు, పిల్లల పడవ అని ఒకడు. చెప్పు కాకా, దీంతో ఎట్లా పొడుస్తారు?"

లలితమ్మ నాలుక మీదికి సమాధానం వచ్చేసింది. పళ్లు బిగించి ఆపుకుంది. లింగమూర్తి నాడెను చేతిలోకి తీసుకున్నాడు. నూనె లేక చెక్క ఎండిపోయింది. అతని బొటనవేలు తనంతట తానే దాని కడుపులోని పల్లంలోకి జారింది.

"పొడవరు సాబ్, నేస్తారు" అన్నాడు హిందీలో. "మీ ఒంటి మీది బట్ట కూడా ఇట్లాంటి దాంతోనే..."

అంటూనే చెయ్యి చాచాడు. చాచి, జమాదారు చొక్కా చేతి అంచు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు.

లలితమ్మ గుండె ఆగింది. ఠాణాలో, డ్యూటీలో ఉన్న పోలీసు చొక్కా పట్టుకున్నాడు! ఒక కేసు మొన్ననే పోయింది, ఇంకొకటి ఇప్పుడే పుడుతోంది.

లింగమూర్తికి అవేవీ పట్టలేదు. "పడుగు పల్చగుంది సాబ్. మోచేతి దగ్గర చిరుగుతుంది" అన్నాడు.

జమాదారు మెల్లగా మోచెయ్యి ఎత్తి చూపించాడు. అక్కడ ఇప్పటికే కుట్టు పడింది. "మా ఇంటావిడ నన్ను తిట్టింది కాకా, నేనే చింపుకొచ్చానని! ఇంటికొచ్చి ఆమెకు ఈ మాట చెప్తావా?" అని బొజ్జ కదిలేలా నవ్వాడు. సంతకం అయ్యాక భజియాలు కూడా పెట్టాడు. లింగమూర్తి ఒకటి తిన్నాడు. లలితమ్మ నాలుగు తిన్నది, ప్రాణం తిరిగొచ్చినప్పుడు ఆకలి కూడా దానితోనే వస్తుంది మరి.

పున్నమినాడు సాంచలన్నీ బంద్. డోలు దెబ్బలతో రథం కదిలింది. వెనక బండి మీద చేమగ్గం, మగ్గం ముందు కొత్త జంధ్యంతో లింగమూర్తి. నూనె పట్టించిన నాడె పడుగు మధ్య ఇటూ అటూ పరుగెత్తుతోంది. రోడ్డు గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా సదానందం దేవుణ్ణి వదిలేసి మగ్గాన్ని పట్టుకుంటున్నాడు. లలితమ్మ బండి పక్కనే నడుస్తోంది. ఆమె కళ్లు రథం మీద లేవు, మొగుడి చేతుల మీదే ఉన్నాయి.

చౌరస్తా దగ్గర జనం ఎక్కువయ్యారు. ట్రాఫిక్ మళ్లించడానికి పోలీసు జీపొకటి దూసుకొచ్చి, ఒక్కసారిగా సైరన్ మోగించింది.

నాడె ఆగింది.

లింగమూర్తి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతని చూపు జనం మధ్య సందు కోసం వెతుకుతోంది, దిగి పారిపోవడానికి. రథం ముందుకు సాగిపోతోంది, బండి ఆగిపోయింది, బట్ట ఇంకా సగం కూడా కాలేదు. లలితమ్మ బండి పలకను పట్టుకుంది. మార్కండేయా, యముడి చేతిలోంచి నువ్వు తప్పించుకున్నవు, మా ఆయనను జర సూడు అని మొక్కుకుంది.

అప్పుడు జీపులోంచి ఒక బొజ్జ దిగింది. జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికొచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, డోళ్లను మించి అరిచింది.

"ఓ కాకా! రుక్ క్యూ గయే? హథియార్ చలావో!"

ఎందుకాగావు, ఆయుధం ఆడించు అని పోలీసే అరుస్తుంటే లింగమూర్తి గోహిల్ జమాదారు వైపు తెల్లబోయి చూశాడు. తన చేతిలోని నాడె చూశాడు. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని లలితమ్మ బండి ఎక్కబోయింది. అతను నవ్వుతున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారేలా, పలక మీద చెయ్యి కొట్టి మరీ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లైందో! ఆమె ఆ నడిరోడ్డు మీద నవ్వుతూ ఏడ్చేసింది, సిగ్గుపడలేదు.

నాడె మళ్లీ కదిలింది. ఈసారి డోళ్లవాళ్లే దాని చప్పుడుకు దరువు కలిపారు. రథం గుడి మెట్ల దగ్గరికి చేరేసరికి ఆఖరి పోగు పడింది. గుంతల పుణ్యమా అని ఒక అంచు కాస్త వంకర పోయింది. దేవుడికి కప్పాక ఆ వంకర ఎవరికీ కనబడలేదు, లింగమూర్తికి తప్ప.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. సాంచలు లేవు, డోళ్లు లేవు. గల్లీ అంతా లాక్‌డౌన్ నాటిలాగే నిశ్శబ్దంగా ఉంది. లలితమ్మ అలవాటుగా రొట్టెల పీట, కర్ర తీసుకుని చాప దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ష్!" అంది సింధూజ.

లింగమూర్తి చాప మీద వెల్లకిలా పడి, నోరు తెరిచి, గురక పెడుతున్నాడు. ఒక చేతిలో నాడె ఉంది. రెండో చేతి వేళ్ల మధ్య తన సొంత పంచె అంచు నలుగుతోంది.

లలితమ్మ పీటా కర్రా పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ సాయంత్రం వాటితో ఆమె రొట్టెలు మాత్రమే చేసింది.