చేతిరాత

“మా వినీలకి రానిదంటూ లేదమ్మా,” అని అత్తగారు అమలమ్మ వచ్చినవాళ్ళకి చెప్పినప్పుడల్లా వినీలకు ఒక పని పెరిగేది. ఆ ఉదయం కూడా రొయ్యలు ఒలిచి, కూర దించి, అందరి క్యారేజీలూ సర్ది, ఆ మెచ్చుకోలు మోసుకుంటూనే తను పనిచేసే కరెంటాఫీసుకు వెళ్ళింది.

పెళ్ళైన కొత్తలో ఒక్కసారి నిజం చెప్పింది. భర్త స్టీఫెన్ శుభలేఖ చేతికిచ్చి చదవమంటే, “నాకు తెలుగు చదవడం సరిగ్గా రాదండీ,” అంది. స్టీఫెన్ ఇల్లంతా వినబడేలా నవ్వాడు. “అమ్మా, విన్నావా? ఇంజనీరు కోడల్ని తెచ్చుకున్నావుగా, అఆలు దిద్దించుకో!” తను చదివిన ఇబ్రహీంపట్నం కాన్వెంటులో తెలుగుకు బదులు హిందీ, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం. మాట్లాడటానికి లోటు లేదు గానీ కాగితం మీద ఒత్తులు చూస్తే చెమట పట్టేది. ‘రాదు’ అన్న మాటను ఆ రోజే మింగేసింది. ఆఫీసులో చేతిరాత దరఖాస్తులొస్తే, “కళ్ళజోడు మర్చిపోయా, కాస్త చదువుదూ,” అని అటెండరు ఏసుపాదానికి ఇచ్చేది. అతను లేని రోజున మాత్రం, “రాత అర్థం కావట్లేదండీ, మళ్ళీ రాసుకురండి,” అని తిప్పి పంపేది.

రాజ్యలక్ష్మిని అలా రెండుసార్లు పంపింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక మీటరు తన పేరుకు మార్చమని కంకిపాడు నుంచి బస్సెక్కి వస్తోంది.

ఈసారి ఆమె తెచ్చిన కాగితం మీద పెన్సిలు గీతలున్నాయి. వాటి మధ్య ఒక్కో అక్షరం గుండ్రంగా, విడివిడిగా, బడిపిల్ల రాసినట్టు.

“మనవరాలి కాపీ పుస్తకం ముందేసుకుని పది రోజులు దిద్దానమ్మా. నీ రాత కోడి కెలికినట్టుంటదని మా ఆయన ఎప్పుడూ అనేవారు. నువ్వూ అన్నాక నిజమేననుకున్నా. ఇప్పుడైనా కుదిరిందా?”

స్టీఫెన్ నవ్వు వినీలను ఎక్కడ కోసిందో, సరిగ్గా అక్కడే ఈమెను తాను కోసింది.

“ఇటివ్వండి మేడం, కళ్ళజోడు మర్చిపోయుంటారు,” అంటూ ఏసుపాదం చెయ్యి చాచాడు. అతనికి ఎప్పటినుంచో తెలుసని ఆ గొంతులోని దయ చెప్పింది. కాగితం ఇచ్చేస్తే అయిపోతుంది.

ఇవ్వలేదు.

“మీ రాత మొదటిరోజు కూడా బాగానే ఉందండీ. నాకే తెలుగు చదవడం సరిగ్గా రాదు.”

పక్క సీట్లో కీబోర్డు చప్పుడు ఆగింది. రాజ్యలక్ష్మి తను దిద్దిన అక్షరాల వైపు ఓసారి చూసుకుంది.

“ఆ ముక్క ఆరోజే చెబితే నీ సొమ్మేం పోయేదమ్మా?”

వినీల కాగితం మీద వేలు పెట్టి పైకే చదవడం మొదలుపెట్టింది. మూడో వరసలో ఆగిపోయింది.

“హ... హకు...”

“క కింద క ఒత్తు. హక్కు.” రాజ్యలక్ష్మి గొంతులో కోపం పోలేదు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

దరఖాస్తుకు జతచేసే ఫారం చివర ఆఫీసువాళ్ళు నింపాల్సిన గడి ఒకటుంది. దాన్నెప్పుడూ ఇంగ్లీషులోనే నింపేది. ఈసారి తెలుగులో, “ఆలశ్యానికి కారణం నేను,” అని రాసింది.

“శ కాదమ్మా, స.”

వినీల తప్పును కొట్టేసి, అది కనబడుతుండగానే పక్కన మళ్ళీ రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేసింది.