ఒక్క కోలన్

అంట్లు తోముతుంటేనే నాకు బుర్ర పనిచేస్తుంది. కుర్చీలో కూర్చుని ఆలోచించే తీరిక ఈ ఇంట్లో నాకెవరిచ్చారు గనక! మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో వారం వారం ఒక పోటీ పెడతారు. ఇచ్చిన లెక్కకి అందరికన్నా పొట్టి ప్రోగ్రామ్ ఎవరు రాస్తారా అని. ఒక్క అక్షరం తగ్గినా గెలుపే. గెలిచినవాళ్ళ పేరు గోడ మీది తెరపై వారమంతా వెలుగుతుంది. నేనూ మా ఆయనా ఒకే ఆఫీసు, ఒకే హోదా. తెర మీద మాత్రం ఎప్పుడూ ఆయన పేరే.

ఎందుకంటే ఆయన లాప్‌టాప్ పట్టుకుని వంటింటి గుమ్మానికి ఆనుకుని, "ఇక్కడ ఇరుక్కుపోయానోయ్" అంటారు. నేను నురగ చేతులతోనే చెబుతాను. "అవునైతే ఇది, కాకపోతే అది అని రెండు వరుసలెందుకండీ? రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏది కావాలో షరతునే ఏరుకోనివ్వండి. ప్రోగ్రామ్‌లోని పేర్లన్నీ ఒక్కక్షరానికి కుదించండి." ఆయన టైప్ చేసుకుని వెళ్ళిపోతారు. గిన్నెలు నాకు మిగులుతాయి. "వాడు ఆఫీసు పని చేసుకుంటుంటే మధ్యలో నీ వాగుడేంటే?" అని హాల్లోంచి అత్తగారు. ఒళ్ళు మండిపోయేది, గిన్నెల్ని ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని.

పోయిన వారం లెక్క, ప్రతి వరుసలోంచీ మొదటి అక్షరం ఏరి కలపడం. నేను చెప్పినదాంట్లో ఒక కోలన్, అదే ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు, ఉంది. "కోలన్ లేకుండా కూడా రాయొచ్చు, ఒక అక్షరం తగ్గుతుంది. కానీ మధ్యలో ఖాళీ వరుస వచ్చిందంటే, ఏరడానికి అక్షరం దొరక్క ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. దాని జోలికెళ్ళకండి" అని మరీ మరీ చెప్పాను.

ఆయన తీసేశారు. నా తెలివి మీద తన తెలివి కాస్తయినా చల్లుకోవాలిగా! మర్నాడు అందరి ముందూ పరీక్షించారు. ఖాళీ వరుస వచ్చింది, ప్రోగ్రామ్ కూలింది. "ఏమైందయ్యా?" అని మేనేజర్ అడిగితే, వెనక వరుసలో కూర్చున్న నా వైపు మా ఆయన వేలు చూపించారు.

"మా ఆవిడ మధ్యలో దూరి ఏదో చెప్పిందండీ. విన్నందుకు నాకిలా కావలసిందే."

గది గదంతా నవ్వింది. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నా మీద నాకే అసహ్యం వేసింది. గెలిచిన వారాల్లో ఒక్కసారైనా నా మాటెత్తని మనిషికి, ఓడిన రోజున నేనెంత తొందరగా గుర్తొచ్చాను!

కొత్త లెక్క ఆ సాయంత్రమే వచ్చింది. నేను ఇంటికొచ్చి చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి ఆయన కుర్చీలో నా లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను.

కాసేపటికి ఆయన లాప్‌టాప్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపలెవరూ లేకపోయేసరికి వెనక్కొచ్చారు.

"ఇక్కడున్నావేంటి? ఈ వారం లెక్క చూశావా?"

"చూశాను. నా పేరు మీద పంపేశాను కూడా."

"అదేంటి! మరి నాకు?"

"సింకు నిండా అంట్లున్నాయి, తోముతూ ఆలోచించండి. ఇన్నాళ్ళూ నాకన్నీ అక్కడే తట్టాయి."