అక్క ఆడిన ఆట

ముప్పై దాటి చాలా కాలమైనా ఇంట్లోవాళ్లు పిలిచే చంటి అన్న పేరు అతన్ని వదల్లేదు. వదలకపోగా ఆఫీసుకి కూడా పాకింది. ఆఫీసంటే పెద్దదేమీ కాదు. ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. కింద నుంచి రోజంతా డ్రిల్లు మోత, మధ్యలో ఎవరో ఒకరి మూలుగు. భయపెట్టే గేమ్ చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు దొరకదని సోడాబుడ్డి అంటూండేవాడు. సోడాబుడ్డి ప్రోగ్రామరు. కళ్లద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో గోడో పోల్చుకోలేడు. బొమ్మలు గీసే అమ్మాయిని అందరూ బొమ్మలమ్మాయి అనేవారు. ముగ్గురూ కలిస్తే కంపెనీ.

వాళ్లు చేస్తున్న గేమ్ పేరు 'దర్జీ'. వీడియో క్యాసెట్ల కాలంలో వచ్చిన హంతకుల సినిమాలంటే చంటికి పిచ్చి. ముసుగేసుకున్నవాడొకడు, చేతిలో పదునైనదేదో ఒకటి, పారిపోయే అమ్మాయి. వాటిని చూసినప్పుడు కలిగే వణుకు పాత రోజుల గేములా రావాలని అతని పట్టుదల. అందుకే మనుషులు చెక్కముక్కలు అతికించినట్టు మొరటుగా ఉంటారు. తెర మీద అరిగిపోయిన టేపులాగా గీతలు పడుతుంటాయి. ఒక ఇల్లు, అందులో ఒక అమ్మాయి, ముఖానికి గుడ్డ చుట్టుకుని పెద్ద కత్తెర పట్టుకుని తిరిగే ఒక దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను నడుస్తున్నంతసేపూ ఫర్వాలేదు. మిషను చప్పుడు ఆగిందంటే దర్జీ లేచాడన్నమాట, వెళ్లి దాక్కోవాలి. దొరికిపోతే కచక్ మని ఒక శబ్దం, చీకటి తెర మీద తెగిపడిన జడ. ఆట అయిపోయినట్టే.

ఆ జడ దగ్గర ఆడేవాళ్లందరూ ఉలిక్కిపడేవారు. ఇలాంటివి నీకెలా తడతాయి బాబూ అని బొమ్మలమ్మాయి అడిగితే చంటి నవ్వేవాడు. "మా నాన్న దర్జీ. నా చిన్నప్పుడు నాతో, అక్కతో దాగుడుమూతలు ఆడేవాడు. ఓడిపోయినవాళ్ల జుట్టు కత్తిరించడం పందెం. ఒకసారి అక్క జడ నిజంగానే కత్తిరించేశాడు. అక్క ఎంత నవ్విందో."

నాన్న గురించి అతనికి గుర్తున్నది అంతే. కొత్త గుడ్డల వాసన, మార్కింగ్ చాక్‌పీసు పొడి, కుట్టుపని కొట్టుగా వాడిన ముందు గదిలో మిషను టకటకలు, ఆ ఆట. నాన్న పోయేసరికి అతను ఇంకా బడికి కూడా వెళ్లడం లేదు. గేమ్ మొదలయ్యే ముందు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తాయి: నాతో దాగుడుమూతలు ఆడిన నాన్నకి.

అక్క కళ్లద్దాల దుకాణంలో కంటిచూపు పరీక్షిస్తుంది. సోడాబుడ్డి కొత్త అద్దాలు తయారైతే, ఎలాగూ దారేనని ఆ మధ్యాహ్నం తనే పట్టుకొచ్చింది. తమ్ముడి ఆఫీసు మెట్లెక్కడం ఆవిడకి అదే మొదటిసారి. అక్కకీ చంటికీ మధ్య తగువులేమీ లేవు గానీ ఒక ముల్లు మాత్రం ఉండేది. నాన్న పోయినప్పుడు అక్క కంటతడి పెట్టలేదు. రాతిగుండె పిల్ల అని చుట్టాలన్న మాట చంటి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ మాటే అక్క మొహం మీద అనేసేవాడు. అక్క ఒక్కసారీ బదులు చెప్పలేదు.

"ఒకసారి ఆడి చూడక్కా" అన్నాడు చంటి, కుర్చీ లాగి.

"నాకేం వచ్చురా ఇవి. ఏ బటన్ ఎక్కడుందో కూడా తెలీదు."

"నాలుగు బటన్లే అక్కా. అందరూ రెండు నిమిషాల్లో చస్తారు, మీరూ చావండి" అన్నాడు సోడాబుడ్డి, కొత్త అద్దాల్లోంచి గదినంతా వింతగా చూస్తూ.

అక్క నవ్వుతూ కూర్చుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. అక్క నవ్వు ఆగిపోయింది. అంతలో ఇల్లు కనిపించింది. మిషను టకటకలు మొదలయ్యాయి.

కాసేపు గేమ్‌లో అమ్మాయి గోడలకి గుద్దుకుంటూ తిరిగింది. బొమ్మలమ్మాయి పక్కన నిలబడి ఎటు వెళ్లాలో చెబుతోంది. ఉన్నట్టుండి మిషను ఆగింది. ఆడేవాళ్లెవరికీ మొదటిసారి ఆ సంగతి తెలియదు. చప్పుడు ఆగిందని గ్రహించేలోపే ప్రాణం పోతుంది. అక్క చేతులు మాత్రం అప్పటికే కదిలాయి. అమ్మాయి తిన్నగా వంటగదిలోకి పరిగెత్తింది.

"అక్కా, బీరువా ఉంది, బీరువాలో దాక్కోండి" అంది బొమ్మలమ్మాయి.

"మొదట అదే చూస్తాడు" అంది అక్క.

నిజమే. దర్జీ చెప్పు నేలకి రాసుకుంటూ వచ్చి బీరువా తలుపు లాగాడు. తర్వాత మంచం కింద చూశాడు. అమ్మాయి వంటగదిలో సింకు కింద ఉంది. అక్కడ దాక్కోవచ్చని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. దర్జీ వెనుదిరిగాడు. వీధి తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు.

"వెళ్లిపోయాడు. ఇంక బయటికి రావచ్చు" అంది బొమ్మలమ్మాయి.

"వెళ్లలేదు. లోపలే నిలబడ్డాడు."

సోడాబుడ్డి కుర్చీలోంచి లేచాడు. అది ఈ గేమ్‌లో అందరూ బోల్తాపడే చోటు. తలుపు మూసిన చప్పుడు చేసి దర్జీ ఇంట్లోనే నిలబడిపోతాడు. బయటికొచ్చినవాళ్లు అయిపోయినట్టే. అక్క కదల్లేదు. చాలాసేపటికి ముందు గదిలో మిషను మళ్లీ మొదలైంది. బొమ్మలమ్మాయి చప్పట్లు కొట్టింది. "మొదటిసారే గెలిచారు. మీలో ఇంత ఉందని ఎవరైనా అనుకుంటారా" అంటూ భుజం తట్టబోయింది. తట్టలేదు. అక్క చేతిలోని కంట్రోలరు టేబుల్‌కి తగిలి టకటకమంటోంది.

అక్క దాన్ని బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

చంటి వెళ్లేసరికి మెట్ల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కింద క్లినిక్‌లో డ్రిల్లు మోగుతోంది. అతను పక్కన కూర్చుని, "భయపెట్టేశానా? సారీ అక్కా" అన్నాడు.

"ఆ నడక నీకెలా గుర్తుందిరా?"

"నాన్నదే కదా. ఆటలో అలా చెప్పు ఈడ్చుకుంటూ వచ్చేవాడుగా మనల్ని వెతుక్కుంటూ."

అక్క అతని మొహంలోకి చూసింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "చంటీ, అది ఆట కాదురా."

అక్క వేళాకోళం ఆడుతోందనుకున్నాడు చంటి.

"ఆట అని నేనే చెప్పాను నీకు. లేకపోతే ఏడ్చేవాడివి. ఏడిస్తే దొరికిపోయేవాళ్లం. పేలికల పెట్టెలో నిన్ను కూర్చోబెట్టి పైన గుడ్డముక్కలు కప్పేదాన్ని. నేనొచ్చి తీసేదాకా ఊ అన్నా ఓడిపోయినట్టే అని చెప్పేదాన్ని. నువ్వు భలే ఆడేవాడివి. కిక్కురుమనేవాడివి కాదు."

"నాన్న... తాగేవాడా?"

"అదీ లేదు. తాగితే అర్థం చేసుకుని ఉండేదాన్నేమో. అమ్మ ఈవినింగ్ డ్యూటీకి హాస్పిటల్‌కి వెళ్లేది. మిషను నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఇంక లేచాడని తెలిసేది నాకు. కత్తెర చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. దొరికితే ఏం చేస్తాడో నాకు తెలీదు. ఎందుకలా చేసేవాడో ఇప్పటికీ తెలీదు. కాసేపటికి వెళ్లి మళ్లీ కుట్టుకునేవాడు, ఏమీ జరగనట్టు."

చంటి తన బాల్యమంతటిలో ఆ ఆటంత సంతోషమైన సంగతి ఇంకొకటి లేదనుకునేవాడు. దాన్ని పట్టుకుని ఇన్నేళ్లు బతికాడు. దాంతోనే గేమ్ కూడా కట్టాడు. ఇప్పుడు కాళ్ల కింద మెట్టు ఉందో లేదో తెలియనట్టు కూర్చుండిపోయాడు.

"మరి జడ?" అన్నాడు చివరికి. "నవ్వావు కదా నువ్వు. నాకు బాగా గుర్తుంది."

"నువ్వు తుమ్మావు. పెట్టెలో. ఆయన అటు తిరిగాడు. నేను సింకు కింద నుంచి దూకి, నేనిక్కడున్నానని అరిచి పరిగెత్తాను. జడ పట్టుకున్నాడు. నేను మెడ గుంజుకున్నాను, కత్తెర జడ మీద పడింది. మెడ గుంజుకోకపోతే ఎక్కడ పడేదో. అప్పటికి నువ్వు మూత తీసి చూస్తున్నావు. అందుకే నవ్వాను. నువ్వూ నవ్వావు. మన నవ్వులు చూసి ఆయన ఆగిపోయాడు. చేతిలో జడ వంక చూసుకుని కొట్టులోకి వెళ్లిపోయాడు."

డ్రిల్లు ఆగింది. కింద ఎవరో పుక్కిలించి ఉమ్మారు. రాతిగుండె అని అక్కని తను అన్న సందర్భాలన్నీ చంటికి ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. అక్క పెళ్లిలో కూడా అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ?"

"నీకు నాన్న ఒక్క ముక్కే మిగిలాడు. అది కూడా లాక్కోవడం ఎందుకని."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. తెలియకుండా చూసుకున్నాను." అక్క లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "గేమ్ పారెయ్యకు. అంత కష్టపడ్డారు ముగ్గురూ. వాడికి భయపడాల్సిందే, భయపడనీ జనాన్ని. మొదట్లో రాసిన ఆ మాట మాత్రం తీసెయ్యి."

గదిలోకి తిరిగొచ్చి చంటి ఆ ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. బొమ్మలమ్మాయి చేతుల్లో మొహం దాచుకుంది. సోడాబుడ్డి కంప్యూటరు ముందు కూర్చుని, నాన్నకి రాసిన వాక్యాన్ని తనే చెరిపేశాడు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు శబ్దాలకి సంబంధించిన పనేదీ చంటి ముట్టుకోలేకపోయాడు. అదంతా వాళ్లిద్దరే చూసుకున్నారు.

అక్క ఆఫీసుకి వచ్చిన మర్నాడు పొద్దున్నే చంటి అమ్మ దగ్గరికి వెళ్లాడు. ఏం అడగాలో తెలియదు, అసలు అడగాలో వద్దో కూడా తెలియదు. అమ్మ ఉద్యోగం విరమించాక ఒక్కతే చిన్న ఫ్లాట్‌లో ఉంటుంది. కాఫీ పెడతానని పాల ప్యాకెట్ తీసింది. "కత్తెర ఇవ్వమ్మా, నేను కోస్తాను" అన్నాడు.

"కత్తెరెక్కడిది" అని అమ్మ ప్యాకెట్ మూల పళ్లతో కొరికి చింపింది. ఎప్పుడూ అలాగే చింపుతుంది. వంటగదిలో, బల్ల సొరుగులో, అమ్మ మందుల పెట్టెలో ఎక్కడా కత్తెర చూసిన గుర్తు లేదు. ఇన్ని ఇళ్లు మారారు. ఏ ఇంట్లోనూ లేదు. జీవితమంతా నర్సుగా పనిచేసిన మనిషి ఇంట్లో కత్తెర లేదు.

"అమ్మా, నీకు తెలుసు కదూ?"

ఏమిటని అమ్మ అడగలేదు. గిన్నెలో పాలు పోసి స్టవ్ మీద పెట్టింది. వెలిగించకుండా నిలబడిపోయింది.

"జడ ఏమైందే అని అడిగితే ఆటలో పోయిందమ్మా అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నా గుండె జారిపోయింది. పసిపిల్లలు అలా నవ్వరురా. మర్నాడే మేట్రన్ కాళ్లావేళ్లా పడి పగటి డ్యూటీ వేయించుకున్నాను. మీ నాన్నకి ఒకటే మాట చెప్పాను. ఇంకొకసారి పిల్లల జోలికొస్తే నిద్రలో లేవకుండా చేస్తానని. ఎలా చేస్తానో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. అప్పట్నుంచి కొట్టులోనే పడుకున్నాడు. ఏడాది తిరక్కుండా ఆ మిషను మీదే గుండె ఆగి పోయాడు."

"అక్కకి ఎందుకు చెప్పలేదు? నీకేమీ తెలియదనుకుంటోంది ఇప్పటికీ."

"నాకు తెలియకూడదని అంత తంటాలు పడింది కదరా అది. తెలుసని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చంటి అక్కకి ఫోన్ చేశాడు. అమ్మ వద్దనలేదు. అక్క దుకాణం నుంచి తిన్నగా వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "తెలుసా నీకు?" అంది.

"తెలుసు" అంది అమ్మ.

అక్క ఏడుస్తుందనుకున్నాడు చంటి. లేదంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుంటారనుకున్నాడు. అక్క అరిచింది. ఆవిడ గొంతు అంత పెద్దదని అతనికి అప్పటిదాకా తెలియదు. తెలిసీ ఆ ఇంట్లోనే ఉంచావా మమ్మల్ని, ఏడాది పాటు రోజూ రాత్రి తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుని పడుకున్నాను, నా పక్కన ఒక్కసారి కూర్చుని తెలుసే తల్లీ అంటే నీ సొమ్మేం పోయేది అని అరిచింది. అమ్మ స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ప్రతి మాటా వింది. అక్క ఆయాసంతో ఆగినప్పుడు, "ఇంకా అను" అంది.

తలుపు చప్పుడైంది. చంటి వెళ్లి తీశాడు. పక్క ఫ్లాట్ ఆవిడ కంగారుగా నిలబడి ఉంది.

"ఏమైంది బాబూ, అంతా బాగానే ఉందా?"

"ఏం లేదండీ" అన్నాడు చంటి. "మా అమ్మా అక్కా మాట్లాడుకుంటున్నారు."

తలుపు దగ్గరగా వేసి, స్టవ్ వెలిగించడానికి లోపలికి వెళ్లాడు.