పేర్లు పోయిన అంచులు

పొద్దున చేయాల్సినవి: నల్లా నీళ్లు పట్టడం, మా పాప హర్షిణికి జడలు, టిఫిన్ డబ్బా, మధ్యాహ్నంలోపు చీరలు నేసే నాలుగు కరెంటు సాంచాలకు నూలు కండెలు చుట్టడం, చచ్చిన కంప్యూటర్‌ను లేపడం. నేను చదువుకున్న పని ఆ చివరిదొక్కటే. అదే అన్నిటికంటే వెనక నిలబడింది.

అన్నానికి లేచేటప్పుడు నా భర్త సాగర్ సాంచాలు ఆపి, గోడ మీది మెయిన్ స్విచ్ గుంజేస్తాడు. వాటితో పాటే నా కంప్యూటరూ ఆగిపోతుంది. "అది సాంచా కాదు, డిస్క్ పాడైతది" అని ఎన్నిసార్లు చెప్పానో. "డిగ్రీ చేసినవు గదా, నువ్వే బాగుచేసుకో" అని నవ్వేవాడు. నిన్న మళ్లీ గుంజాడు. ఈసారి కంప్యూటర్‌ను నడిపే లినక్స్ లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: డిస్కులో తప్పులున్నాయి, మీరే సరిచేయండి. ఇంట్లో అందరూ నాతో అనే మాటే.

మూడేళ్లుగా నేను గీసిన చీర అంచులన్నీ అందులోనే, 'సాగర్ డిజైన్స్' అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఇంకోచోట దాచలేదు, ఆ తప్పు నాదే.

"డబ్బ ముంగట కూసుంటే కండెలు ఎవలు చుడుతరే వినోదా?" అంది అత్తమ్మ సక్కుబాయి. చుట్టాకే కూర్చున్నాను. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ నడిపించి, ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి ఎత్తాను. ఆ నకలు మీద మరమ్మతు మొదలుపెట్టాను. సరిచేయమంటావా, సరిచేయమంటావా అని ప్రతి తప్పుకూ కంప్యూటర్ అడిగింది. ఈ ఇంట్లో నన్నెవరూ ఇన్నిసార్లు అడిగి ఏదీ చేయలేదు.

ఫోల్డర్ పోయింది, అంచులు మిగిలాయి. పేరు పోయిన ఫైళ్లన్నిటినీ లినక్స్ ఒకచోట పోసి, ఒక్కోదానికి ఒక అంకె ఇస్తుంది. ఏది ఏదో తెరిచి చూస్తున్నాను. మెట్లు మెట్లుగా ఎక్కి, కొసన పిట్ట వాలిన అంచు వచ్చింది. అత్తమ్మ రాట్నం ఆపి లేచి వచ్చింది.

"మామయ్య అంచే అత్తమ్మా. మీ పాత చీర చూసి గీసిన. ఊరంతా మామయ్య పేరుతోని బాలమల్లు అంచు అంటరు గదా."

"మీ మామ నేసిండు. గీసింది నేను. బొగ్గుతోని, బండ మీద."

"ఎన్నడూ చెప్పలే?"

"ఎవలడిగిండ్రు?"

అప్పుడే సాగర్ అన్నానికి లేచి మెయిన్ మీద చేయి వేశాడు.

"చెయ్యి తియ్యి కొడుకా," అంది అత్తమ్మ. "పిల్ల పేర్లు రాస్తుంది."

అతను చేయి తీశాడు. నేను ఆ అంకె చెరిపి 'సక్కుబాయి అంచు' అని రాశాను. మిగిలిన వాటికి నా పేరు పెట్టాను.

మీ పెట్టెలో మెట్ల కొసన పిట్ట వాలిన చీర ఉంటే, కట్టుకునేటప్పుడు జర సక్కుబాయిని యాది చేసుకోండి.