లేవనివాడి ఉద్యోగం

మాది అలారం గడియారాల కంపెనీ. మాలో ఎవరికీ అలారం అవసరం లేదు. అదే మా గొప్ప అని చాలాకాలం అనుకున్నాం. మా యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఇంటర్వ్యూలో ఆయన చదువు సంగతి తర్వాత అడుగుతారు, ముందు "పొద్దున్నే ఎన్నింటికి లేస్తావు?" అంటారు. అయిదు దాటిందా, వచ్చిన దారినే పోవాలి. ఎనిమిది దాటి గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ ఆలస్యం రాస్తాడు. మూడో ఆలస్యానికి లోపలికే రానివ్వడు, ఉద్యోగం హుళక్కి. పెద్దాయన తాన అంటే మేం తందాన అనేవాళ్ళం. అందరం ఒకే గంటకి లేచి వచ్చినవాళ్ళం కదా!

అమ్మిన గడియారాలు మాత్రం తిరిగొచ్చేవి. అందరిదీ ఒకటే ఫిర్యాదు. మోగిందట, వాళ్ళు లేవలేదట. పరీక్ష విభాగానికి పెద్దని నేను. మళ్ళీ మోగించి చూసేవాళ్ళం. బ్రహ్మాండంగా మోగేది. "గడియారం బాగానే ఉంది, జనమే బద్ధకస్తులు" అని తేల్చేసి టీ తాగేవాళ్ళం. చివరికి పెద్దాయన, కొత్త రకం కూడా తిరిగొస్తే మా విభాగానికి తాళం వేస్తానన్నారు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు నా మరిది సంగతి ఎత్తారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అతని దారే వేరు. ఇల్లు పీకి పందిరేసినా లేవడు. ఏ ఉద్యోగంలో చేరినా ఆలస్యంగా వెళ్ళి పోగొట్టుకుంటాడు. పక్కవీధిలో అత్తగారి దగ్గరే ఉంటాడు.

"మీ ఆఫీసులో ఏదన్నా చూడమ్మాయ్. ఇంకొక్కటి పోతే మళ్ళీ ఉద్యోగం మాటే ఎత్తనంటున్నాడు వాడు."

"మాది అలారం కంపెనీ అత్తయ్యా, సత్రం కాదు" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఇక నేనేం చేస్తాను? పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి, గడియారాలు మోగుతుంటే పడుకునే పని ఒకటి పుట్టించి, పరీక్షగదిలో మంచం వేయించాను.

వచ్చిన మొదటిరోజే ఒక ఆలస్యం రాయించుకుని మరీ మంచమెక్కాడు. నిమిషంలో గుర్రు. చుట్టూ గడియారాలు పేర్చి అన్నీ ఒక్కసారే మోగించాం. పక్కగదిలోంచి లెక్కల గుమస్తా చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు. మా మరిది నిద్రలోనే చిన్నగా నవ్వాడు. తల ప్రాణం తోకకొచ్చి అన్నీ ఆపేశాం. అప్పుడు లేచి కూర్చున్నాడు.

"ఏంటి వదినా, ఎందుకు ఆపేశారు?"

"ఆపితే లేచావేంటయ్యా?" అన్నాను.

"చప్పుడుంటే నాకు హాయిగా ఉంటుంది. ఫ్యాను ఆగితే లేస్తాను. బస్సులో పడుకుంటే బస్సు ఆగాక లేస్తాను. మీరంతా అంతేగా?"

మేమెవరమూ అలా కాదు. బస్సులో మేం నిద్రే పోం, దిగాల్సిన స్టాపు కోసం కళ్ళు పొడుచుకుని కూర్చుంటాం. రాత్రంతా సన్నగా రొద చేసి, లేవాల్సిన వేళకి ఠక్కున ఆగిపోయే గడియారం మాలో ఎవరి కలలోకీ రాదు. అసలు మాకు కలలొచ్చేంత నిద్రేదీ? అలాంటివి కొన్ని తయారుచేసి, ఫిర్యాదు చేసినవాళ్ళకి ఇచ్చాం. హాయిగా లేచారు. మా మరిది కూడా ఒకటి పట్టుకెళ్ళాడు. అప్పటికే రెండో ఆలస్యం పడింది కానీ, ఆ తర్వాత రోజూ వేళకే వచ్చాడు. అత్తగారి ముఖం విప్పారింది.

అంతలో పెద్ద దుకాణాలవాళ్ళు, కొత్త గడియారం నిద్రపోయేవాణ్ణి ఎలా లేపుతుందో చూడ్డానికి వస్తామన్నారు. ముందురోజే నమూనాలన్నీ ఆఫీసులో ఉండాలని పెద్దాయన హుకుం. మరిది దగ్గరున్నది కూడా తెచ్చేశాను. అతన్ని లేపేది అదేనని మా లేచే బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

దుకాణాలవాళ్ళు వచ్చారు. మరిది గేటు దగ్గర ఆగిపోయాడు. మూడో ఆలస్యం!

"నియమం నియమమే. మంచం మీద ఇంకెవరినైనా పడుకోబెట్టు" అన్నారు పెద్దాయన.

గుమస్తాని పడుకోబెట్టాం. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన వంగి, "ఏం బాబూ, నిద్ర పట్టిందా?" అని అడిగాడు.

"పట్టిందండీ" అన్నాడు గుమస్తా.

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. "అయ్యా, లేచేవాళ్ళం ఆఫీసు నిండా ఉన్నాం. లేవనివాడు ఒక్కడే ఉన్నాడు. అతన్ని పంపేస్తే నేనూ పోతాను" అని విసవిసా గేటు దాటి బయటికెళ్ళాను.

మరిది గేటు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "ఇంటికి పొమ్మంటే పోలేదమ్మా. అమ్మకి ఏం చెప్పనూ అని అడిగాడు. అలాగే నిద్రపోయాడు" అన్నాడు వాచ్‌మన్. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పక్కనే నేలమీద చతికిలబడ్డాను.

కాసేపటికి పెద్దాయన వచ్చారు, వెనకాలే దుకాణాలవాళ్ళు.

"లేపు" అన్నారు.

"లేపితే లేచేవాడైతే మనకీ తిప్పలెందుకండీ? మోసుకెళ్ళాలి."

పెద్దాయన గేటు వంక చూశారు, వచ్చినవాళ్ళ వంక చూశారు, చొక్కా చేతులు పైకి మడిచారు. తలవైపు నేను పట్టుకున్నాను, కాళ్ళవైపు ఆయన. ఓరగా తెరిచిన గేటు సందులోంచి పక్కవాటుగా లోపలికి తీసుకెళ్తుంటే వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"అయ్యగారూ, మూడో ఆలస్యం రాయమంటారా?"

"ముందా గేటు బార్లా తియ్యవయ్యా! అబ్బాయి మోచెయ్యి తగులుతోంది" అన్నారు పెద్దాయన రొప్పుతూ.